ఎంబీబీఎస్ అయ్యాక బెంగళూరులో ఫ్యామిలీ డాక్టర్ అవ్వడం ఎలా?

నెలకి నలుగురైనా అడుగుతారు. ఎక్కువమంది కర్నూలు, అనంతపురం, తిరుపతి వైపు ఎంబీబీఎస్ చేసి వచ్చిన పిల్లలు. మారతహళ్ళిలోనో బీటీఎం లేఔట్‌లోనో పీజీలో ఉంటారు, అద్దె పీజీ, చదువు పీజీ కాదు. ఏదో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తుంటారు. ప్రశ్న ఒక్కటే, రెండు రకాలుగా వస్తుంది. "మేడం, పీజీ ఎంట్రన్సులో ర్యాంకు రాలేదు, ఫ్యామిలీ మెడిసిన్ తీసుకోమంటారా?" అని కొందరు. "క్లినిక్ పెట్టుకుంటే ఫ్యామిలీ డాక్టరే కదా, దానికి మళ్ళీ మూడేళ్ళ చదువెందుకు?" అని మిగతావాళ్ళు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పథకం పెట్టాక మూడో ప్రశ్న కూడా కలిసింది: "అంటే 104 బండిలో ఊళ్ళకి వెళ్ళే డాక్టరా?"

విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయాను, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా మొదట చూసే డాక్టర్ చదువు.

రెండో ప్రశ్నకి ముందు జవాబు. చట్టం ప్రకారం ఎంబీబీఎస్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే మీరు క్లినిక్ పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ కాలేజీలో మనం చూసినవన్నీ వార్డు దాకా చేరిన జబ్బులు. వీధి చివర క్లినిక్‌కి వచ్చేవి ఇంకా పేరు పెట్టని జబ్బులు. ఒళ్ళు బరువుగా ఉంది, కాళ్ళు పీకుతున్నాయి, మనసు బాగాలేదు, పాపకి నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు, ఇలా వస్తాయి. వీటిని చూడడం మనకెవరూ నేర్పలేదు. పైగా వార్డులో పేషెంట్ డిశ్చార్జ్ అయితే మన పని అయిపోయినట్టే. ఇక్కడ అదే మనిషి పదేళ్ళు మీ ముందుకు వస్తూనే ఉంటాడు, మీరు చేసిన తప్పులతో సహా.

మొదటి ప్రశ్నకి జవాబు కింద మొదటి మెట్టులో ఉంది. మూడోదానికి ఒక్క మాట: కాదు, ఆ పథకం వేరు, ఈ చదువు వేరు.

ఏమేం కావాలి

కాగితాలు: ఎంబీబీఎస్ డిగ్రీ, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయిన సర్టిఫికెట్, మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఆంధ్రా, తెలంగాణ కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్ళు కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కి మారాలి. దానికి పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సీటు వచ్చాక పరుగెత్తేకన్నా ఇప్పుడే మొదలుపెట్టండి. నేను చివరి వారంలో తిరిగి చూశాను, ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

సామాను: బీపీ మిషన్ ఒకటి, దానికి కఫ్‌లు మాత్రం మూడు సైజులు. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది, లేని జబ్బుకి జీవితాంతం మందు నడుస్తుంది. చెవి చూసే ఆటోస్కోపు, గ్లూకోమీటరు, పల్స్ ఆక్సీమీటరు, ఊపిరి ఎంత జోరుగా వదులుతున్నారో చూసే పీక్ ఫ్లో మీటరు, ట్యూనింగ్ ఫోర్కు, షుగర్ పేషెంట్ల పాదాల్లో స్పర్శ చూడడానికి 10 గ్రాముల మోనోఫిలమెంటు (సన్నటి నైలాన్ పోగు), యూరిన్ డిప్‌స్టిక్కులు, పసిపిల్లల తూకం. సొంతంగా కూర్చునే రోజు వచ్చేసరికి ఈసీజీ మిషన్, నెబ్యులైజరు, అడ్రినలిన్ ఆంపూల్స్ ఉండాలి. అన్నీ ఒక్కసారే కొనక్కర్లేదు. ఆటోస్కోపు మాత్రం ఈ నెలలోనే కొనండి.

కన్నడ: వచ్చి తీరాలి. దీని సంగతి నాలుగో మెట్టులో చెప్తాను.

ఇంకొకటి, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. నవ్వకండి, చివరిదాకా దానితోనే పని.

1. ముందు కూర్చుని చూడండి

దరఖాస్తు పెట్టకముందు కనీసం రెండు వారాలు ఒక ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. జయనగర్, మల్లేశ్వరం, బసవనగుడి లాంటి పాత పేటల్లో ఏళ్ళ తరబడి ఒకే గదిలో ప్రాక్టీసు చేస్తున్న పెద్ద డాక్టర్లు ఇంకా ఉన్నారు. "నేర్చుకోవడానికి వస్తాను సార్, జీతం వద్దు" అంటే కాదనేవాళ్ళు తక్కువ.

అక్కడ ఏ మందు రాశారన్నది చూడొద్దు. కాగితం మీద గీతలు గీయండి: పేరు పెట్టి పలకరించింది ఎందరిని, పరీక్షలేవీ రాయకుండా పంపింది ఎందరిని, పెద్దాసుపత్రికి పంపింది ఎందరిని, "రెండు రోజులు చూసి మళ్ళీ రండి" అన్నది ఎందరితో. ఆ చివరి మాట విన్నప్పుడల్లా మీ లోపల ఏమవుతోందో గమనించండి. జబ్బు పేరు తేలకుండా మనిషిని ఇంటికి పంపడం మీకు బొత్తిగా సహించకపోతే ఈ దారిలో సుఖం ఉండదు. అందులో తప్పేమీ లేదు, రేడియాలజీ బ్రహ్మాండమైన చదువు.

ర్యాంకు రాలేదని ఇటు రావొచ్చా అంటే, రావొచ్చు. నేనూ అలాగే వచ్చాను. కానీ ఈ రెండు వారాలు కూర్చున్నాక రండి. ఏడాది తిరగకుండానే "ఇంకోసారి నీట్ రాస్తాను" అని సీటు వదిలిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఒక్క రోజు కూడా క్లినిక్ చూడనివాళ్ళే.

ప్రత్యామ్నాయం: చేతిలో డబ్బు లేకపోతే నమ్మ క్లినిక్‌లో మెడికల్ ఆఫీసర్‌గా ఆరు నెలలు చేయండి. కర్ణాటక ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ఈ క్లినిక్‌లు మొత్తం 438 అనుకుంటే, అందులో 243 బెంగళూరుకే, అప్పటి వార్డుల లెక్కన వార్డుకొకటి చొప్పున. ఎంబీబీఎస్ వాళ్ళని కాంట్రాక్టు మీద తీసుకుంటారు. ఒకే వీధి జనం పదే పదే రావడం అంటే ఏమిటో అక్కడ బాగా తెలుస్తుంది.

2. దారి ఎంచుకోండి

ఇప్పుడున్న దారులు ఇవి.

డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్: మూడేళ్ళు. నీట్ పీజీ (దేశవ్యాప్త పీజీ ఎంట్రన్సు) స్కోరుతో, ఎంసీసీ (సీట్లు పంచే కేంద్ర కమిటీ) కౌన్సెలింగ్‌లో సీటు. పీజీ పరీక్షలు పెట్టే కేంద్ర సంస్థ నేషనల్ బోర్డు నడుపుతుంది, థీసిస్ ఉంటుంది. ఎండీకి సమానం. వీలైతే ఇదే తీసుకోండి. బెంగళూరులో హెబ్బాళ్ వైపున్న బాప్టిస్ట్ ఆసుపత్రి ఈ కోర్సుకి పాత పేరు. ఏ ఏడాది ఏ ఆసుపత్రికి అనుమతి ఉందో బోర్డు వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది, అదే నమ్మండి. ఏజెంట్ల మాట వద్దు.

నేషనల్ బోర్డు డిప్లమా: రెండేళ్ళు. 2020లో ఎనిమిది సబ్జెక్టుల్లో ఈ డిప్లమాలు తెచ్చారు, ఫ్యామిలీ మెడిసిన్ అందులో ఒకటి. ఇంటి పరిస్థితుల వల్ల మూడేళ్ళు కుదరనివాళ్ళకి పనికొస్తుంది.

ఎండీ ఫ్యామిలీ మెడిసిన్: దేశం మొత్తం మీద కొద్ది కాలేజీల్లోనే ఉంది. దొరికితే అదృష్టమే.

వేలూరు సీఎంసీ దూరవిద్య డిప్లమా: ప్రాక్టీసు మానకుండా చదవొచ్చు, మధ్యమధ్య కాంటాక్ట్ క్లాసులకి వెళ్ళాలి. ఇప్పటికే క్లినిక్ నడుపుతూ ఇద్దరు పిల్లల ఫీజులు కడుతున్నవాళ్ళకి నేను ఇదే చెప్తాను. చూసే పద్ధతి మారుతుంది. కానీ దీన్ని డీఎన్‌బీతో సమానమైన పీజీ అనుకుని బోర్డు మీద స్పెషలిస్టు అని రాయించుకోకండి.

ఎంఆర్‌సీజీపీ ఇంటర్నేషనల్: బ్రిటన్‌లోని జనరల్ ప్రాక్టీషనర్ల రాయల్ కాలేజీ పేరుతో దక్షిణాసియా డాక్టర్లకి పెట్టే పరీక్ష. చదవడం వల్ల లాభం ఉంది. అయితే ఇది పాసైతే చాలు, నేరుగా ఇంగ్లండులో జీపీగా (అక్కడి ఫ్యామిలీ డాక్టర్‌గా) ప్రాక్టీసు చేయొచ్చని ఎవరైనా చెప్తే అది అబద్ధం. ఆ పేరుతో కోచింగ్‌కి డబ్బు పోసినవాళ్ళని చూశాను.

చేరేముందు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఆసుపత్రిలో రెండో ఏడు చదువుతున్న రెసిడెంట్‌ని క్యాంటీన్‌లో పట్టుకోండి, కాఫీ ఇప్పించండి, మూడు సంగతులు అడగండి. పోయిన నెల ఏ డిపార్ట్‌మెంటులో ఉన్నావు? ఫ్యామిలీ మెడిసిన్‌కి విడిగా ఓపీ ఉందా, ఉంటే అందులో వారానికి ఎన్ని రోజులు కూర్చున్నావు? నీకు చెప్పేది ఫ్యామిలీ డాక్టరేనా, ఇంకెవరైనానా? మొదటి ప్రశ్నకి "ఐసీయూ మేడం, వాళ్ళకి మనుషులు తక్కువ" అన్న జవాబు వరసగా ఇద్దరి దగ్గర వస్తే ఆ సీటు గురించి మళ్ళీ ఆలోచించండి. మనల్ని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ తోసే అలవాటు చాలా చోట్ల ఉంది. మూడేళ్ళు వెంటిలేటర్ సెట్టింగులు నేర్చుకుని ఫ్యామిలీ డాక్టర్ అని బయటికి వస్తే, మొదటి రోజు క్లినిక్‌లో చెవిపోటుతో ఏడ్చే పిల్లాడి ముందు దిక్కులు చూడాల్సి వస్తుంది.

3. పోస్టింగుల్లో ఏం దొంగిలించాలి

మెడిసిన్, పిల్లలు, కాన్పులు, సర్జరీ, ఎముకలు, చెవి ముక్కు గొంతు, కళ్ళు, చర్మం, సైకియాట్రీ, ఎమర్జెన్సీ, అన్నిట్లోకీ తిప్పుతారు. ప్రతి చోటా మిమ్మల్ని "గెస్ట్ రెసిడెంట్" అంటారు. పట్టించుకోకండి, అతిథికి నచ్చింది తినే స్వేచ్ఛ ఉంటుంది. ప్రతి పోస్టింగులో ఓపీని అడిగి తీసుకోండి. వార్డు తప్పదు, కానీ మీకు కావాల్సింది ఓపీలో ఉంది.

నోట్‌బుక్కు తెరవండి. ఆ రోజు చూసిన ఒక్క పేషెంట్ గురించి రాత్రి ఒకే వాక్యం రాయండి: ఈ మనిషి మొదట నా దగ్గరికే వచ్చి ఉంటే నేనేం చేసేదాన్ని, ఎక్కడ ఆగి పంపేదాన్ని? ఆర్నెల్లకి ఆ పుస్తకం మీ సొంత పాఠ్యపుస్తకం అవుతుంది.

చర్మం పోస్టింగుని తేలిగ్గా తీసుకోకండి. మన క్లినిక్‌ల్లో తామర తామరలా ఉండదు. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని నెలల తరబడి రాసుకుని, అంచులు చెదిరిపోయి, గుర్తుపట్టలేని రూపంలో వస్తుంది. ఇంటిల్లిపాదికీ గోకుడు ఉందా అని అడగడం కూడా అక్కడే అలవాటు చేసుకోవాలి, లేకపోతే గజ్జికి ఎలర్జీ మందు రాస్తారు.

ఎముకల విభాగంలో ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళమంటారు. ఒక వారం వెళ్ళండి, చాలు. మిగతా రోజులు భుజం, మోకాలు, నడుము చేతితో చూడడం నేర్చుకోండి. ఐటీ కంపెనీల ఊరు ఇది, మెడ పట్టేసినవాళ్ళు రోజూ వస్తారు.

సైకియాట్రీకి కేటాయించినదానికన్నా రెండు వారాలు ఎక్కువ అడగండి. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఒళ్ళంతా మంట, తాగుడు, కాన్పయ్యాక ఏడుపు, వీటిలో ఒకటైనా లేని రోజు నా ఓపీలో గుర్తులేదు.

ఇక్కడ అందరం చేసే తప్పు: ఏ డిపార్ట్‌మెంటులో ఉంటే ఆ డిపార్ట్‌మెంటు చీటీని కాపీ కొట్టడం. ఛాతీ నొప్పి అన్న ప్రతివాళ్ళకీ కార్డియాలజిస్టు రాసే పరీక్షలన్నీ మీరు రాస్తే, మీరు చిన్న జీతం కార్డియాలజిస్టు అవుతారు తప్ప ఫ్యామిలీ డాక్టర్ కారు. ఆయన దగ్గరికి చేరేది వడపోసిన జనం, మన దగ్గరికి వచ్చేది వడపోయని జనం. అదే పరీక్షకి రెండు చోట్లా ఒకే అర్థం ఉండదు.

థీసిస్ సంగతి ఒక్క ముక్కలో: మీ ఓపీలో మీకే వచ్చిన సందేహాన్ని తీసుకోండి, పక్కవాళ్ళ పాతది తిప్పి రాయకండి.

4. పది నిమిషాల మాట నేర్చుకోండి

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు చదువు ఇదే.

పేషెంట్ కూర్చోగానే "చెప్పండి" అని ఒక నిమిషం నోరు మూసుకోండి. కష్టం. గడియారం పెట్టుకుని చూడండి, ఇరవై సెకన్లకే మీరు అడ్డం పడతారు. నిమిషం ఆగితే సగం రోగనిర్ణయం వాళ్ళే చెప్పేస్తారు. తర్వాత రెండు ప్రశ్నలు: "దీని గురించి మీకేం అనుమానంగా ఉంది?" "నేనేం చేస్తే బాగుంటుందని వచ్చారు?" రెండోదానికి చాలాసార్లు "ఒక సూది వేసి సెలైన్ పెట్టమ్మా" అనే జవాబు వస్తుంది. రానివ్వండి. కోరిక ఏమిటో తెలిశాకే కదా, ఎందుకు వద్దో చెప్పగలిగేది.

బెంగళూరులో తరచుగా ఎదురయ్యేది ఇది. కొడుకు ఇంటికి నెలరోజులు ఉండడానికి వచ్చిన పెద్దాయన, వెంట కోడలు, చేతిలో మందుల సంచి. మీరు ఆయన్ని అడిగితే కోడలు జవాబు చెప్తుంది.

"మామయ్యకి షుగరు కొంచెం ఎక్కువైంది డాక్టర్, స్వీట్లు మానమంటే వినరు."

ఆమెను వినండి. విన్నాక కుర్చీ కాస్త ఆయన వైపు తిప్పి, "పెద్దాయనా, మీరు చెప్పండి. ఊళ్ళో ఉన్నప్పుడు ఎలా ఉండేది?" అనండి. ఒకసారి ఇలాగే అడిగితే ఆయన కాసేపు కిటికీలోకి చూసి, "ఊళ్ళో పొద్దున్నే చేనికి పోయి వచ్చేవాణ్ణమ్మా. ఇక్కడ పదకొండో అంతస్తు. లిఫ్టు నొక్కడం నాకు రాదు, అడగాలంటే సిగ్గు" అన్నారు. ఆయన షుగరు మందు మార్చలేదు. కోడలు లిఫ్టు నేర్పింది. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు షుగరు దిగింది. అన్ని కథలూ ఇంత తేలిగ్గా తేలవు, కానీ అడగకపోతే ఇన్సులిన్ దాకా వెళ్ళేవాళ్ళం.

సంచి మొత్తం బల్ల మీద పోయించండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటుంది, ఊరి డాక్టర్ ఇచ్చింది ఒకటి, ఇక్కడి ఆసుపత్రిలో ఇచ్చింది ఇంకొకటి. రెండూ వేసుకుంటుంటారు.

కన్నడ సంగతి. "ఏనాగిదె?", "ఎష్టు దినదింద?", "నోవు ఎల్లి?", "నిమగె ఏను భయ?" ఈ నాలుగూ (ఏమైంది, ఎన్ని రోజుల నుంచి, నొప్పి ఎక్కడ, మీకేం భయం) వారంలో వస్తాయి. తెలుగుకి దగ్గరగా ఉందని మోసపోకండి. కన్నడలో "సుస్తు" అంటే అలసట. మన "సుస్తీ చేసింది" అనుకుని నేను మొదట్లో జ్వరం ఎప్పటి నుంచి అని అడిగేదాన్ని, వాళ్ళు నా మొహం చూసేవాళ్ళు. అర్థం కానప్పుడు "తోరిసి" అనండి, చేత్తో చూపిస్తారు.

ఇక హెచ్చరిక, పెద్ద అక్షరాల్లో రాసుకోండి: "గ్యాస్" అన్న మాటని నమ్మకండి. తెలుగువాళ్ళు గ్యాస్ అంటారు, కన్నడిగులు గ్యాస్ట్రిక్ అంటారు. ఛాతీలో బిగువు, చెమట, ఎడమ చేయి లాగడం, దవడ నొప్పి, అన్నీ ఆ మాటలోనే దాక్కుంటాయి. నేను ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే రోజుల్లో మదనపల్లె వైపు మేస్త్రీ ఒకాయన "గ్యాసు పట్టిందమ్మా, సూది వెయ్యి" అంటూ వచ్చాడు. వేశాను. పంపాను. తెల్లవారుజామున కొడుకు ఆటోలో వెనక్కి తెచ్చాడు, అప్పుడు తీసిన ఈసీజీలో గుండెపోటు. బతికాడు. ఇప్పుడు నా పేషెంటే, బీపీకి నెలనెలా వస్తాడు, ఆ రాత్రి సంగతి ఎప్పుడూ ఎత్తడు. నేనూ మర్చిపోలేదు. నలభై దాటినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు గ్యాస్ అంటే ముందు ఈసీజీ. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు, అనుమానం తీరకపోతే మళ్ళీ తీయండి, లేదా పంపండి.

చివరి నిమిషం: ఎప్పుడు తిరిగి రావాలో చెప్పడం. "తగ్గకపోతే రండి" అన్నది చెప్పినట్టు కాదు. వానలు పడ్డాక వచ్చే జ్వరాల్లో ఇది ప్రాణం మీది మాట. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటించాల్సి వచ్చింది, గుర్తుందిగా. ఇలా చెప్పండి: "జ్వరం తగ్గిన రోజే ఎక్కువ జాగ్రత్త. కడుపునొప్పి వచ్చినా, ఆగకుండా వాంతులైనా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేసుకోవద్దు." చెప్పడం అయ్యాక, "ఇంటికెళ్ళి మీ ఆయనకి ఏం చెప్తారు?" అని అడగండి. ఆమె తిరిగి చెప్పగలిగితే మీరు చెప్పినట్టు. లేకపోతే తప్పు మీది, మళ్ళీ చెప్పండి.

5. పుస్తకం పెట్టండి

ప్రతి పేషెంట్‌కీ మొదటి పేజీలో సమస్యల పట్టిక: బీపీ 2019 నుంచి, ఎడమ మోకాలు, పెన్సిలిన్ పడదు, భర్త తాగుతాడు, కూతురు చదువు ఆగింది. చివరి రెండూ జబ్బులు కావు కదా అనకండి, తలనొప్పికి మందు పనిచేయకపోవడానికి కారణం అక్కడే ఉండొచ్చు. ఒక ఇంటివాళ్ళ పేజీలన్నీ ఒకే చోట పెట్టండి. కంప్యూటర్ అయినా సరే, కాగితమైనా సరే.

ఇంకో పుస్తకం, పిలవాల్సినవాళ్ళది. బీపీ, షుగరు, ఆయాసం, గర్భిణులు, టీకా బాకీ ఉన్న పిల్లలు. వస్తామన్న తేదీకి రాకపోతే ఫోన్ చేయండి. "గిరాకీ కోసం పిలుస్తున్నారు అనుకోరా?" అని పిల్లలు అడుగుతారు. మొదటి రెండు మూడు సార్లు అనుకుంటారు. తర్వాత మానేస్తారు.

టీబీ తేలితే నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో, నమోదు చేయాలి. ప్రైవేటు డాక్టర్లకి కూడా 2012 నుంచి తప్పనిసరి.

సరిచూసుకునే పద్ధతి: ఆర్నెల్లకోసారి మీ షుగర్ పేషెంట్లలో వరసగా ఇరవై మంది పేజీలు తీయండి. ఆరు నెలల లోపు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) ఉందా? పోయినసారి బీపీ రాశారా? ఏడాదిలో ఒకసారైనా చెప్పులు విప్పించి పాదాలు చూశారా? కళ్ళ పరీక్షకి పంపారా? మూత్రంలో ఆల్బుమిన్ చూశారా? టిక్కులు లెక్కపెట్టండి. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు పాదాల వరుస దాదాపు ఖాళీ. బాగా చూస్తున్నాననుకున్న గర్వం ఆ మధ్యాహ్నమే దిగిపోయింది.

6. పంపడం, తిరిగి రప్పించడం

పెద్దాసుపత్రికి పంపేటప్పుడు "చూడగలరు" అని రెండు ముక్కలు రాయకండి. ఏం చూశారు, ఏం ఇచ్చారు, మీ ప్రశ్న ఏమిటి, అన్నీ ఉండాలి. "మూడు నెలలుగా రక్తహీనత, ఐరన్‌తో పెరగలేదు, మలంలో రక్తం ఉందా అన్నది నా అనుమానం, ఎండోస్కోపీ అవసరమా?" అని రాస్తే అటువైపు డాక్టర్ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. పేషెంట్‌కి మాత్రం ఒక మాట చెప్పండి: "అక్కడ ఏం చెప్పినా, మందులు మొదలుపెట్టి, ఆ కాగితంతో నా దగ్గరికి రండి."

కవర్ల సంగతి కూడా చెప్పాలి. క్లినిక్ తెరిచిన నెలలోనే ఒక ల్యాబ్ మనిషి స్వీట్ డబ్బా, దాని కింద కవరు పెట్టి వెళ్ళాడు. పంపిన పేషెంట్‌కి ఇంత అని. వైద్యుల నడవడి నిబంధనలు, 2002 నాటివి, ఇది తప్పని స్పష్టంగా చెప్తున్నాయి. నిబంధన లేకపోయినా తీసుకోకండి. కవరు తీసుకున్న రోజు నుంచి "ఈ స్కాన్ అవసరమా?" అన్న ప్రశ్నకి మీ జవాబు మీకే నమ్మబుద్ధి కాదు. స్వీట్ డబ్బా కూడా తిప్పి పంపాను. అందులో మైసూర్ పాక్ ఉందని తర్వాత తెలిసింది, అదొక్కటే బాధ.

7. ఎక్కడ కూర్చోవాలి

సొంత క్లినిక్ అయితే కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల) చట్టం కింద రిజిస్ట్రేషన్, చెత్తకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, చెత్త తీసుకెళ్ళే సంస్థతో ఒప్పందం, పసుపు ఎరుపు తెలుపు నీలం డబ్బాలు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫోన్ మీద చూసేటట్టయితే 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఒకసారి చదవండి. నార్కోటిక్స్ (మత్తుమందులు), గట్టి ఆంక్షలున్న షెడ్యూల్ ఎక్స్ మందులు ఫోన్ మీద రాయకూడదు, ఎంత తెలిసినవాళ్ళయినా సరే.

మొదటి మూడేళ్ళు సొంతది వద్దనే నా సలహా. ఆసుపత్రి ఫ్యామిలీ మెడిసిన్ విభాగం, కంపెనీ క్యాంపస్ క్లినిక్, ఇళ్ళకి వెళ్ళి పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) చేసే సంస్థ, ఏదైనా సరే. కంపెనీ క్లినిక్‌లో జీతం బాగుంటుంది కానీ పిల్లలు, ముసలివాళ్ళు రారు. రెండేళ్ళలో చేయి మొద్దుబారుతుంది. శనివారాలైనా బయట ఇంకెక్కడైనా కూర్చోండి.

8. "ఏం స్పెషలిస్టువమ్మా?"

దీనికి జవాబు ముందే తయారు చేసుకోండి. పెళ్ళిళ్ళలో అడుగుతారు, సంబంధాలు చూసేటప్పుడు మరీ అడుగుతారు. నేను ఫ్యామిలీ మెడిసిన్ అంటే మా దూరపు అత్తయ్య ఒకావిడ "ఓహో, ఫ్యామిలీ ప్లానింగా!" అంది, పంక్తిలో అందరూ వినేలా. ఇప్పుడు నేను చెప్పేది ఇది: "ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదట నా దగ్గరికి వస్తారు. చాలావరకు నేనే చూస్తాను. నాకు మించినదైతే ఎవరికి చూపించాలో చెప్తాను, తిరిగొచ్చాక మళ్ళీ నేనే చూస్తాను." మీ మాటల్లో మీరు రాసుకోండి, అద్దం ముందు రెండుసార్లు అనుకోండి. తడబడితే ఎదుటివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

ఈ సిగ్గు వల్లే ఒక తప్పు జరుగుతుంది. రెండు వారాంతాల సర్టిఫికెట్ తెచ్చుకుని బోర్డు మీద "డయాబెటాలజిస్టు" అని రాయించుకోవడం, పేరు వెనక పెద్ద అక్షరాల తోక తగిలించుకోవడం. షుగరు చూడ్డం నేర్చుకోండి, మంచిదే. ఆ బోర్డు పెట్టాక మాత్రం పిల్లాడి జ్వరానికి మీ గుమ్మం ఎవరూ ఎక్కరు.

ఒంటరిగా ఉండకండి. అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా 2010 నుంచి ఉంది, వాళ్ళ పత్రిక 2012 నుంచి వస్తోంది, చేరండి. దానికన్నా ముఖ్యం, ఐదారుగురు కలిసి నెలకోసారి కూర్చోవడం. 1950లలో లండన్‌లో మైకేల్ బాలింట్ అనే ఆయన జనరల్ ప్రాక్టీషనర్లని ఇలాగే కూర్చోబెట్టి, జబ్బు గురించి కాక, మిమ్మల్ని నిద్రపోనివ్వని పేషెంట్ గురించి చెప్పండి అనేవాడు. మేం బసవనగుడిలో ఒక దర్శినిలో (చిన్న టిఫిన్ హోటల్లో), ఆదివారం పొద్దున, ఇడ్లీ వడ మధ్య చేస్తాం. పేషెంట్ పేర్లు ఎత్తకూడదన్నది ఒకటే నియమం. మేస్త్రీ సంగతి నేను మొదట బయటికి చెప్పింది అక్కడే.

ఏడాది తర్వాత చూసుకోవాల్సిన లెక్క

ఆ లాంగ్ నోట్‌బుక్కులో వెనక పేజీ తీయండి. నాలుగు అంకెలు చాలు. మూడోసారి వచ్చినవాళ్ళు ఎందరు? ఒకే ఇంటి నుంచి ఇద్దరికన్నా ఎక్కువమంది వస్తున్న ఇళ్ళు ఎన్ని? పంపిన ఉత్తరాల్లో ఎన్నిటికి జవాబు తిరిగొచ్చింది? ఈ ఏడాది మీరు పేరు పెట్టకుండా ఇంటికి పంపినవాళ్ళలో, తర్వాత ఏమైందో మీకు తెలిసినవాళ్ళు ఎందరు?

నాలుగో అంకె మొదటి ఏడు అందరికీ చిన్నగానే ఉంటుంది. రేపు ఓపీ అయ్యాక తెలియనివాళ్ళలో ముగ్గురికి ఫోన్ చేయండి. సాయంత్రం ఏడు దాటాక చేస్తే ఎత్తుతారు.